పద్మిని కారుకి ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు ఇంట్లోనే మార్చుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

నాన్న 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా మా ఇంట్లోనే ఉంది. రోజూ తిప్పే బండి కాదు, పండగలకీ పెళ్ళిళ్ళకీ తీస్తాం, ఆదివారం పూట కొత్తపేట నుంచి రావులపాలెం దాకా ఒక తిప్పు తిప్పుకొస్తాను. పోయినేడు చలికాలంలో దానికో జబ్బు పట్టుకుంది. ఎక్కడైనా ఆగితే చాలు స్టీరింగ్ చేతిలో వణికేది, లోపలి అద్దంలో వెనకాల వచ్చే కొబ్బరికాయల లారీ రెండు లారీల్లా కనపడేది, ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదలగానే కింద నుంచి ధబ్ మని చప్పుడు. నేను ముందు ప్లగ్గులు మార్చాను. తర్వాత కార్బరేటర్ విప్పించి కడిగించాను. ఆ తర్వాత ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కొంచెం పెంచాను, పెంచితే వణుకు తగ్గినట్టే అనిపించింది, అలా ఇంకో రెండు నెలలు గడిచిపోయాయి. చివరికి ఒకరోజు టార్చి వేసుకుని బానెట్ కింద తల పెట్టి చూస్తే ఎడమ పక్క మౌంటింగ్ రబ్బరు రేకు నుంచి ఊడొచ్చేసి ఉంది. ఇంజన్ దాని మీద ఊరికే ఆనుకుని ఉందంతే, పట్టు ఏమీ లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పాత కారు వణికితే అందరి చెయ్యీ ముందు కార్బరేటర్ మీదకే పోతుంది, ముందు రబ్బర్లు చూడండి. ఇంకో సంగతి కూడా మొదట్లోనే చెప్పేస్తాను. ఈ పనిలో విప్పడం, బిగించడం ఎవరైనా చేస్తారు. కొత్త రబ్బర్ల మీద ఇంజన్ తనంతట తాను కుదురుగా కూర్చునే దాకా ఆగి, ఆ తర్వాతే గట్టిగా బిగించాలి. ఎక్కువ మంది తొందరపడేది సరిగ్గా అక్కడే, అలా తొందరపడి బిగించిన కార్లు కొత్త రబ్బర్లతో కూడా వణుకుతాయి.

ఈ రబ్బర్ల పనేంటి

మన వైపు మెకానిక్కులు కొందరు వీటిని మౌంటింగులు అంటారు, కొందరు ఫౌండేషన్లు అంటారు. రెండూ ఒకటే. రెండు రేకుల మధ్య అతికించిన రబ్బరు దిమ్మ, పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. పద్మినిలో ఇంజన్ నిలువుగా, అంటే కారు పొడుగునా ఉంటుంది, లాగేది వెనక చక్రాలు. ముందు ఇంజన్‌కి అటొకటి ఇటొకటి రెండు మౌంటింగులు, వెనక గేర్‌బాక్స్ తోక కింద అడ్డంగా ఉండే మెంబర్ (ఇనుప పట్టీ) మీద మూడోది. మొత్తం బరువు ఈ మూడు చోట్లే.

1089 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజన్ ఇది. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగితే రెండు సిలిండర్లు పేలతాయి కాబట్టి, నిమిషానికి 800 చుట్ల మీద ఐడ్లింగ్‌లో ఉన్నా సెకనుకి దాదాపు 27 దెబ్బలు. ఆ దెబ్బలన్నిటినీ బాడీకి చేరకుండా మింగేది రబ్బరే. ఒకప్పుడు చాలా కార్లలో ఇంజన్‌ని నేరుగా ఛాసిస్‌కే బిగించేవాళ్ళు, 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజన్‌ని రబ్బర్ల మీద తేలేట్టు పెట్టి దాన్నే పెద్ద గొప్పగా ప్రచారం చేసుకుంది. ఇప్పుడు మనం పట్టించుకోం గానీ అప్పట్లో అది అంత సంగతి.

రబ్బరుకి రెండో పని కూడా ఉంది, మెలికని ఆపడం. కారు ముందు నిలబడి చూస్తే ఫ్యాను గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది, క్రాంకు కూడా అటే. చక్రాలు లాగడం మొదలెట్టగానే ఇంజన్ బాడీ దానికి ఎదురు వైపు తిరగాలని చూస్తుంది, అంటే కారుకి ఎడమ పక్క (సీట్లో కూర్చున్నవాళ్ళకి ఎడమ) పైకి లేస్తుంది, కుడి పక్క కిందికి నొక్కుకుంటుంది. అందుకే ముందుకు కదిలే ప్రతిసారీ ఎడమ రబ్బరు సాగుతుంది, కుడి రబ్బరు నలుగుతుంది. రివర్స్‌లో ఇది తలకిందులు. ముందుకెళ్ళేటప్పుడు బానే ఉండి రివర్స్‌లో మాత్రం ధబ్ అంటోందంటే కుడి పక్కది గట్టిగా చూడండి.

రబ్బరుకి శత్రువులు వేడి, ఆయిల్, వయసు. సైలెన్సర్ గొట్టం దగ్గరగా పోయే పక్క రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. ఆయిల్ కారే ఇంజన్ అయితే మౌంటింగ్ మీద చుక్క చుక్కగా పడి రబ్బరు ఉబ్బి మెత్తటి జిగురులా అవుతుంది. మన గోదావరి డెల్టాలో దీనికి తేమ కూడా తోడు, అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఇంకా ఎక్కువ. తేమకి రబ్బరు కన్నా ముందు దాన్ని అతికించిన రేకు తుప్పు పడుతుంది, తుప్పు రబ్బరు అంచు కిందికి పాకి అతుకుని లేపేస్తుంది. 2022 జూలై వరదల్లో మా కారు చక్రాల సగం దాకా నీళ్ళలో నాలుగు రోజులుంది. గేర్‌బాక్స్ కింది మెంబర్ మీద అప్పుడు చేరిన ఒండ్రు నేను మొన్న విప్పేటప్పుడు పెచ్చులు పెచ్చులుగా రాలింది.

జబ్బు ఇదేనని ఎలా తేల్చుకోవాలి

మొదట కళ్ళతో. బానెట్ ఎత్తి, టార్చి వేసి రెండు పక్కలా రబ్బరు చూడండి. ఎండిన చేలో నెర్రెల్లా పగుళ్ళుంటాయి. పైపైన సన్నటి గీతలుంటే భయం లేదు, వేలిగోరు దూరేంత పగులుంటే మాత్రం మార్చాల్సిందే. రేకుకీ రబ్బరుకీ మధ్య సందు కనపడినా అంతే. ఎడమ, కుడి ఎత్తులు ఒక్కలా ఉన్నాయా చూడండి, ఒకటి కుంగి ఉంటే ఫ్యాను కూడా రేడియేటర్ మధ్యలో కాకుండా ఒక పక్కకి వాలి కనపడుతుంది.

తర్వాత ఇంజన్ ఆపి, చల్లారాక, ఒక టైర్ లివర్ తీసుకుని మౌంటింగ్ బ్రాకెట్ కింద పెట్టి నెమ్మదిగా పైకి ఎత్తండి. మంచి రబ్బరు కొంచెం సాగి మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. పోయిన రబ్బరు నోరు తెరుస్తుంది. నా కారులో చెయ్యి దూరేంత నోరు తెరిచింది.

మూడోది లోడు మీద చూడటం. దీనికి ఇద్దరు కావాలి, జాగ్రత్త కూడా కావాలి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి, చక్రాలకి అడ్డం దిమ్మలు పెట్టి, ఫస్ట్ గేర్‌లో క్లచ్‌ని పట్టుకునే దాకా మాత్రమే వదలాలి, ఒక్క క్షణం, అంతే. రెండో మనిషి పక్క నుంచి ఇంజన్‌ని చూడాలి. కారు ముందు గానీ వెనక గానీ ఎవరూ నిలబడకూడదు, పిల్లలు చుట్టుపక్కల లేకుండా చూసుకోండి. మా బామ్మర్ది చూస్తుంటే నేను క్లచ్ వదిలాను, "బావగారూ, ఆపండాపండి, ఇంజన్ లేచొచ్చేస్తోంది!" అని అరిచాడు. కాస్త కదలడం సహజమే. ఒక అంగుళం పైన లేచి ధబ్ మని పడుతుంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

పద్మినిలో ఇంకో గుర్తు కూడా ఉంది. మనది స్టీరింగ్ పక్కన గేర్ ఉండే బండి, లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా కడ్డీలు పోతాయి. లివర్ ఉన్నది బాడీ మీద, గేర్‌బాక్స్ ఉన్నది రబ్బరు మీద. రబ్బరు పోతే రెండింటి మధ్య దూరం మారిపోతూ ఉంటుంది, గేరు సరిగ్గా పడదు, గతుకుల్లో యాక్సిలరేటర్ వదలగానే ఎగిరిపోతుంది. దాన్ని గేర్‌బాక్స్ జబ్బనుకుని గేర్‌బాక్స్ దింపించేసిన వాళ్ళు నాకు తెలుసు.

ఒకవేళ వణుకు ఆగి ఉన్నప్పుడు లేకుండా ఒక స్పీడులోనే వస్తుంటే అది ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే తిరిగే కడ్డీ) కీళ్ళ క్రాసో, చక్రాల బ్యాలెన్సో అయ్యుంటుంది, దానికి మౌంటింగులు మార్చి లాభం లేదు. ఒక సిలిండర్ పేలకపోయినా ఐడ్లింగ్‌లో ఇలాగే వణుకుతుంది కాబట్టి ప్లగ్గులు ఒకసారి చూసుకోవడం తప్పేం కాదు, కాకపోతే నాలాగా అక్కడే ఆగిపోకండి.

సామాను కొనేటప్పుడు

మూడూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తదీ రెండు పాతవీ ఉంటే కొత్తది ఎత్తుగా నిలబడుతుంది, పాతవి కుంగి ఉంటాయి, ఇంజన్ వాలుగా కూర్చుంటుంది, బరువంతా కొత్తదాని మీద పడి అది త్వరగా పోతుంది. మా కారుకి పదేళ్ళ కిందట ఒక వర్క్‌షాపులో ఎడమది ఒక్కటే మార్చి పంపారు, అదే ఇప్పుడు మళ్ళీ ఊడింది.

పద్మిని తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది, ముంబైలో కూడా చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. కాబట్టి సామాను రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి షాపు అటక మీద ఏళ్ళ తరబడి ఉండిపోయిన పాత స్టాకు, రెండోది ఇప్పుడు ఎవరో అచ్చు పోసి చేస్తున్నది. పాత స్టాకు చూడటానికి కొత్తగానే ఉంటుంది, అట్టపెట్టె కూడా ఉంటుంది, కానీ రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గోరుతో నొక్కి చూడండి. గోరు గుర్తు పడి మెల్లిగా మాయమైతే మంచిది. రాయిలా గట్టిగా ఉన్నా, వంచితే సన్నటి పగుళ్ళు విచ్చుకున్నా వద్దు. కొత్తగా చేసిన వాటిలో రేకుకీ రబ్బరుకీ అతుకు చుట్టూ నిండుగా ఉందా, బోల్టు నిటారుగా ఉందా చూడాలి.

వీలైతే పాతది చేత్తో పట్టుకునే షాపుకి వెళ్ళండి. రాజమండ్రిలోనో కాకినాడలోనో పాత కార్ల సామాను అమ్మే షాపుల్లో అడిగితే కనీసం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి బోల్టు లావు, థ్రెడ్, రేకు మీద కన్నాల దూరం కొలవండి. ఎత్తు మాత్రం పాతదాన్ని చూసి కొలవకండి, అది కుంగి ఉంటుంది, కొత్తది కొంచెం ఎత్తు ఉండాలి. కొత్తవి ఎడమ, కుడి ఒకే రకానివైతే వాటి ఎత్తు మాత్రం రెండూ సమానంగా ఉండి తీరాలి. "ఇది వేరే బండిదే గానీ సరిపోద్దండి" అంటే తీసుకోకండి. వేరే బండి రబ్బరు గట్టిదైతే బోల్టుకి బిగుసుకుంటుంది గానీ వణుకంతా బాడీలోకి తెస్తుంది.

నట్లు, స్ప్రింగ్ వాషర్లు కూడా కొత్తవే తీసుకోండి.

ముందు రోజు సాయంత్రం

మౌంటింగు బోల్టులు, నట్లు అన్నిటినీ వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి, పొద్దున్నే ఇంకోసారి. మా ఊళ్ళో పెద్ద మేస్త్రీ గారు ఒకాయన ఉన్నారు, ఫియట్లు పద్మినిలు చేసి చేసి చేతులు నల్లబడిపోయిన మనిషి. ఆయన్ని అడిగితే ఒకటే చెప్పారు, "తుప్పుతో కుస్తీ పట్టకు అబ్బాయ్, దానికో రాత్రి టైమివ్వు." ఇచ్చాను. ఆరింట్లో అయిదు నట్లు తేలిగ్గా వచ్చాయి.

పని చేసే చోటు ముఖ్యం. మనది ఒండ్రు నేల, వానాకాలంలో అయితే జాకీ బరువు పడగానే దిగబడిపోతుంది. పెరట్లో కొబ్బరి చెట్ల కింద చల్లగా ఉంటుంది కదా అని అక్కడ మొదలెట్టకండి (కొబ్బరికాయ పడే చోట బానెట్ ఎత్తి పెట్టడం కూడా మంచిది కాదు). నేను పక్కింటి వాళ్ళ సిమెంట్ కళ్ళం అడిగి తీసుకున్నాను, ధాన్యం లేని రోజులు కాబట్టి ఇచ్చారు. చదునుగా, గట్టిగా ఉంటే చాలు.

కావాల్సినవి: రెండు జాకీలు, అందులో ఒకటైనా ట్రాలీ జాకీ. రెండు యాక్సిల్ స్టాండ్లు. 10 నుంచి 19 దాకా రింగ్ పానాలు, సాకెట్ సెట్టు, పొడుగాటి ఎక్స్‌టెన్షన్, టైర్ లివర్, వైర్ బ్రష్, టార్క్ రెంచ్ దొరికితే మంచిది. జాకీ మీద పెట్టడానికి ఒక చెక్క, జానెడు వెడల్పు, రెండంగుళాల మందం. నేను తాటి దూలం ముక్క వాడాను, పాత ఇల్లు పడగొట్టినప్పటిది, ఇనుములా ఉంటుంది. కొబ్బరి మొద్దు నడిమి భాగం మెత్తన, నలిగిపోతుంది, వద్దు.

ఇటుకల మీద కారు నిలబెట్టడం మన ఊళ్ళలో అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. ఇటుక పగిలే ముందు చెప్పదు. ఉత్త జాకీ మీద ఉన్న కారు కిందికి కూడా దూరకండి, ఎంత చిన్న పనైనా సరే.

పని మొదలు

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. హ్యాండ్ బ్రేక్ లాగి వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. కారు ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టి, ఒకసారి చేత్తో గట్టిగా ఊపి చూడండి, ఇప్పుడు ఊగకపోతే తర్వాతా ఊగదు.

ఏదీ విప్పకముందే ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. ఎడమ పక్క, కుడి పక్క, ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య సందు, సైలెన్సర్ గొట్టం పోయే దారి, గేరు కడ్డీలు. నేను ఇరవై ఫోటోల దాకా తీశాను, అందులో నాలుగు నిజంగా పనికొచ్చాయి.

ఇప్పుడు ఇంజన్ కొంచెం పైకి లేస్తే ఏమేం లాగబడతాయో ఒకసారి చుట్టూ చూసుకోండి. ఎయిర్ క్లీనర్ తీసి పక్కన పెడితే చోటు వస్తుంది. రేడియేటర్ పైపులు మెత్తగా ఉంటే కొంచెం లేపినా పర్లేదు, గట్టిపడి ఉంటే నీళ్ళు దింపి పై పైపు విప్పేయండి. యాక్సిలరేటర్ కడ్డీ, చోక్ తీగ బిగుసుకుపోకుండా చూసుకోండి. సైలెన్సర్ గొట్టాన్ని బాడీకి పట్టి ఉంచే క్లాంపు వదులు చేయండి. ఇది చాలామంది వదిలేస్తారు, గొట్టం ఇంజన్‌ని ఒక పక్కకి పట్టి లాగుతూనే ఉంటుంది, కొత్త రబ్బర్ల మీద కూడా ఇంజన్ వంకరగా కూర్చుంటుంది.

జాకీని ఇంజన్ కింద పెట్టడం దగ్గర నిదానించండి. ఆయిల్ సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పలచటి రేకు. మధ్యలో జాకీ తల నేరుగా పెడితే సొట్ట పడుతుంది, సొట్ట లోపల ఆయిల్ పంపు జాలీకి తగిలితే ఇంజన్‌కి ఆయిల్ అందదు, వేల రూపాయల పని అవుతుంది. సంపు అంచు వైపు, వెడల్పుగా బరువు పడేట్టు చెక్క పెట్టి, చెక్క కింద జాకీ పెట్టండి. జాకీని నెమ్మదిగా ఎత్తుతూ మౌంటింగునే చూస్తూ ఉండండి. నలిగిన రబ్బరు కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బుతుంది. అక్కడ ఆపేయండి. బరువు రబ్బరు మీద నుంచి జాకీ మీదకి వచ్చేసింది, ఇంక ఎత్తక్కర్లేదు.

ముందు ఎడమది. కింది నట్టు, పై నట్టు రెండూ విప్పండి. మౌంటింగు బోల్టు రబ్బరులోనే దిగి ఉంటుంది కాబట్టి నట్టుతో పాటు బోల్టు కూడా తిరిగితే రబ్బరు మెలితిరుగుతుంది, పాతదైతే ఫర్వాలేదు, కొత్తది పెట్టేటప్పుడు మాత్రం ఇది గుర్తుంచుకోండి. రాని నట్టుని పానాతో పీకి పెట్టకండి, కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్ళీ బిగించి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే తుప్పు పొడి రాలుతుంది. నా ఆరో నట్టు అప్పటికీ రాలేదు, ఉలితో చీల్చాను.

నట్లు వచ్చాక జాకీ ఒక అరంగుళం ఎత్తితే మౌంటింగు పక్కకి జారి బయటికొస్తుంది. ఇక్కడ ఫ్యాను రేడియేటర్‌కి తగలకుండా ఒకళ్ళు చూస్తూ ఉండాలి. రాకపోతే ఇంకా ఇంకా ఎత్తకండి, బ్రాకెట్ బోల్టులు ఇంజన్ వైపు విప్పి బ్రాకెట్‌తో సహా తీయండి.

నా చేతిలోకి వచ్చిన పాత మౌంటింగు చూస్తే బాధేసింది. పై రేకు చేతిలో ఉంది, రబ్బరు కింది రేకుతో మిగిలింది. విడిపోయిన చోట సగం నల్లగా మెరుస్తోంది, అంటే చాలాకాలం కిందటే ఊడి ఒరుసుకుంటూ నునుపుగా అయిపోయిన భాగం. మిగతా సగం గరుకుగా, కొత్తగా చిరిగినట్టు ఉంది. దాన్ని బట్టి ఒకేసారి తెగలేదు, నేను కార్బరేటర్ కడిగించుకుంటున్న రోజుల్లో కూడా అది కొంచెం కొంచెం చిరుగుతూనే ఉందన్నమాట.

మౌంటింగు తీసిన చోటు శుభ్రం చేయండి. బ్రాకెట్ మూలల్లో, వెల్డింగ్ పక్కన పగుళ్ళున్నాయా కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూడండి. తుప్పు గీకి ప్రైమర్, పైన నల్ల పెయింటు ఒక పూత వేసి ఆరనివ్వండి. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కూడా ఇప్పుడే చూసుకోండి. పైన టాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) ప్యాకింగ్ కారుతుంటే అది మార్చకుండా కొత్త రబ్బరు పెట్టడం దండగ.

కొత్తది పెట్టి నట్లు చేత్తో తిరిగినంత వరకే తిప్పండి. పానా ముట్టుకోకండి. రబ్బరుకి గ్రీజు, ఆయిల్ రాయకండి, ఎక్కడైనా బిగుతుగా ఉంటే సబ్బు నీళ్ళు చాలు. తర్వాత కుడి పక్క ఇదే వరుస. రెండూ ఒకేసారి విప్పకండి, ఒకటి పట్టి ఉంటేనే ఇంజన్ పక్కకి జరక్కుండా ఉంటుంది.

గేర్‌బాక్స్ దానికి వచ్చేసరికి రెండో జాకీ తీయండి. గేర్‌బాక్స్ కింద చెక్క, చెక్క కింద జాకీ, బరువు తీసుకునేంత వరకే. ఆ తర్వాత అడ్డ మెంబర్ బోల్టులు విప్పాలి. జాకీ లేకుండా విప్పితే గేర్‌బాక్స్ తోక దిగిపోయి, ఇంజన్ పై భాగం వెనక్కి వాలి ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) కొట్టుకుంటుంది. మెంబర్‌ని దింపి, మౌంటింగు మార్చి, మళ్ళీ ఎక్కించండి. బోల్టు కన్నాలు సాగి ఉంటాయి కదా అని మెంబర్‌ని లివర్‌తో తోసి తోసి బోల్టు దూర్చకండి, జాకీని కొంచెం అటూ ఇటూ జరిపితే దానంతట అదే కుదురుతుంది. ఇవి కూడా చేతి బిగువు వరకే.

కూర్చోనివ్వడం

ఇప్పుడు రెండు జాకీలూ నెమ్మదిగా దింపేయండి. ఇంజన్ బరువు పూర్తిగా కొత్త రబ్బర్ల మీదకి రావాలి. రెండు చేతులతో ఇంజన్‌ని పట్టుకుని పక్కలకి నాలుగైదు సార్లు ఊపండి. కారుని స్టాండ్ల మీద నుంచి దింపి, ముందు బంపర్ నొక్కి వదలండి. మూడు రబ్బర్లనీ మళ్ళీ చూడండి. ఏదైనా ఒక పక్కకి మెలితిరిగి, ముందుకో వెనక్కో సాగినట్టు ఉంటే ఎక్కడో ఏదో పట్టి లాగుతోందన్నమాట, ఎక్కువసార్లు అది సైలెన్సర్ క్లాంపే. అప్పుడు మాత్రమే బిగించడం మొదలెట్టండి, ముందు గేర్‌బాక్స్‌వి, తర్వాత ముందు రెండూ, కొంచెం కొంచెంగా మార్చి మార్చి. స్టాండ్లు పెట్టి మళ్ళీ ఎత్తాల్సి వస్తే ఇంజన్ కింద జాకీ లేకుండా కారునే ఎత్తండి, ఇంజన్ బరువు రబ్బర్ల మీదే ఉండాలి.

సర్వీస్ పుస్తకం దొరికితే అందులో కొలతే కొలత. లేకపోతే మామూలు 8.8 గ్రేడు బోల్టుకి 8 మి.మీ. అయితే 25 న్యూటన్ మీటర్ల లోపు, 10 మి.మీ. అయితే 45 నుంచి 50 చాలు. రబ్బరులోంచి వచ్చిన బోల్టుకి ఇంకా తక్కువే మేలు. బిగించేటప్పుడు రబ్బరు మెలితిరుగుతోందేమో చూస్తూ బిగించండి, తిరిగితే ఆపి, రేకుని పట్టుకుని బిగించండి. సైలెన్సర్ క్లాంపు అన్నిటికన్నా చివర.

ఎర్త్ పట్టీ మర్చిపోకండి

ఇది విడిగా చెప్పాల్సిన సంగతి. ఇంజన్ రబ్బర్ల మీద ఉంటుంది, రబ్బరులో కరెంటు పోదు. అందుకే ఇంజన్ నుంచి బాడీకి అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. పదేళ్ళ కిందట మౌంటింగు మార్చిన ఆ వర్క్‌షాపులో దాన్ని విప్పి మళ్ళీ బిగించలేదు. ఇంటికొచ్చిన మర్నాడు సెల్ఫ్ కొడితే మోటారు నీరసంగా తిరిగింది, ఇంకోసారి కొట్టాను, ఇంకోసారి కొట్టాను. డ్యాష్‌బోర్డు కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. చోక్ పట్టుకోబోతే చెయ్యి చురుక్కుమంది. తీగ మీది తొడుగు మెత్తబడి కారిపోతోంది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు మొత్తం వెనక్కి పోవడానికి ఆ సన్నటి చోక్ తీగ తప్ప వేరే దారి లేక అది అందులోంచి పోయింది. ఇంకో రెండుసార్లు కొట్టి ఉంటే మంటే లేచేది.

కాబట్టి పట్టీ రెండు కొసలూ గరుకు కాగితంతో మెరిసే దాకా రుద్ది, పెయింటు లేని చోట బిగించండి. మీరు ఇందాక బ్రాకెట్‌కి వేసిన కొత్త పెయింటు పట్టీ కిందికి రాకుండా చూసుకోండి. తీగలు పచ్చగా చిలుం పట్టి సగం తెగి ఉంటే కొత్త పట్టీ వేయండి.

స్టార్ట్ చేసే ముందు, తర్వాత

ఫ్యాను చేత్తో తిప్పి చూడండి, రేడియేటర్‌కి ఎక్కడా దగ్గరగా రాకూడదు. కొత్త రబ్బర్లతో ఇంజన్ కొంచెం ఎత్తుకి వస్తుంది, ముందు తీసిన ఫోటోలతో పోల్చి చూడండి. యాక్సిలరేటర్ తొక్కితే పూర్తిగా వెనక్కి వస్తోందా, చోక్ ఆడుతోందా, రేడియేటర్ నీళ్ళు దింపి ఉంటే మళ్ళీ పోశారా చూసుకుని బ్యాటరీ వైరు బిగించండి.

స్టార్ట్ చేశాక అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలేయండి. పాత ఐడ్లింగ్ నేను పెంచి ఉంచాను కదా, దాన్ని మళ్ళీ మామూలుకి దించాను, అయినా స్టీరింగ్ నిలకడగా ఉంది. గేర్లు అన్నీ వేసి చూడండి. ఇంజన్ ఎత్తు మారింది కాబట్టి స్టీరింగ్ పక్క లివర్‌కి కడ్డీలు కొంచెం సర్దాల్సి రావచ్చు, నాకు సెకండ్ గేర్ కొంచెం బిరుసుగా పడితే ఒక నట్టు రెండు చుట్లు తిప్పాను, సరిపోయింది. అప్పుడు ఒక నాలుగు కిలోమీటర్లు నడపండి, రివర్స్ కూడా చేయండి. ఇంజన్ నుంచి బాడీకి ఏదైనా తగులుతుంటే ఫస్ట్ గేర్‌లో గట్టిగా లాగినప్పుడు గలగల వినిపిస్తుంది, అది ఎక్కువగా సైలెన్సర్ గొట్టమే అవుతుంది.

కొత్త రబ్బరు మొదట్లో కొంచెం కుంగుతుంది. ఒక 200 కిలోమీటర్లు తిరిగాక మూడు చోట్లా నట్లు మళ్ళీ చూసుకోవాలి. ఆ రోజు గుర్తుండటానికి నేను బిగించిన ప్రతి నట్టు మీద నుంచి బోల్టు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. రెండు వారాల తర్వాత మండపేట పెళ్ళికి వెళ్ళొచ్చి పాకలో బానెట్ ఎత్తి చూస్తే అయిదు గీతలు గీసినట్టే ఉన్నాయి, కుడి పక్క కింది నట్టు గీత మాత్రం ఒక వెంట్రుక వాసి పక్కకి జరిగి ఉంది. పావు చుట్టు బిగించి, పాత గీత తుడిచి, కొత్తది గీశాను.